ఎదురుకోలు రింగ్‌టోన్

నేను పనిచేసిన గది తలుపు మీద "నిశ్శబ్దం" అని రాసి ఉండేది. విజయవాడ గవర్నరుపేటలో ఒక క్యాసెట్ కంపెనీకి చెందిన చిన్న రికార్డింగు స్టూడియో అది. రికార్డిస్టుగా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లినవాణ్ణి రిటైరయ్యాకే బయటికి వచ్చాను. భజనలు, బుర్రకథలు, నాటకాల పద్యాలు, గుణదల వైపు నుంచి వచ్చే చర్చి పాటల బృందాలు, ఖవ్వాలీలు, పెళ్లి బ్యాండ్లు అన్నీ మా మైకుల ముందుకు వచ్చినవే. ఏ రోజు ఎవరు పాడారో, మైకు ఎంత దూరంలో పెట్టానో సాయంత్రం ఇంటికి వెళ్లి డైరీలో రాసుకోవటం నాకు మొదటినుంచీ అలవాటు. మా పిల్లలు ఒకసారి ఆ డైరీలన్నీ తిరగేసి, ఇందులో పాటల కంటే కరెంటు పోయిన సంగతులే ఎక్కువ ఉన్నాయని తేల్చారు. నిజమే. ఒక్క బ్యాండు మాస్టారి వ్యవహారం జరిగిన రోజుల్లో మాత్రం కరెంటు గురించి రాయటానికి చోటు మిగల్లేదు.

సొంతంగా పాటలు కట్టి, ఇంట్లోనే రికార్డు చేసి, అరచేతిలోని ఫోను నుంచే లోకానికి వదులుతున్న ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెప్పాలనిపించి రాస్తున్నాను.

తొంభైల్లో పెళ్లి బ్యాండు క్యాసెట్లకు మంచి గిరాకీ ఉండేది. బ్యాండును పిలిపించుకునే స్తోమత లేనివాళ్లు క్యాసెట్టు తెచ్చి, మైకులో పెట్టి, పెళ్లి కానిచ్చేవారు. తర్వాత సీడీలు వచ్చాయి, వాటి వెనకే కంప్యూటర్లు వచ్చాయి. మా గోడౌనులో క్యాసెట్ల పెట్టెలు కదలటం మానేశాయి. మిగిలిన స్టాఫు ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. నేను ఎక్కడికి పోను? నాకు వేరే పని రాదు.

ఒకరోజు మా ఓనరు గారు నన్ను పిలిచి, "ఏవండీ, జనం ఇప్పుడు పాట వింటం లేదు, మోగిస్తున్నారు. మనం కూడా మోగేదే అమ్ముదాం" అన్నారు.

వారం తిరగకుండా స్టూడియో ముందు గదిలో కౌంటరు వెలిసింది. ఒక కంప్యూటరు, రకరకాల ఫోన్లకు రకరకాల కేబుళ్లు, పైన "మీ పాట మీ ఫోనులో" అని బోర్డు. సినిమా పాటలు ఎక్కించే కొట్లు బీసెంటు రోడ్డు నిండా ఉన్నాయి కాబట్టి మనం కొత్తగా, ఎవరు పాడిన పాట వాళ్లకే రింగ్‌టోనుగా చేసి ఇద్దామన్నది ఓనరు గారి ఆలోచన. కౌంటరు మీదికి ఒకావిడను తీసుకున్నారు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఇంటి ఆడపడుచు. పెళ్లికి ముందు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేదట. రోజూ రైల్లో వచ్చి వెళ్లేది. చెవి చాలా చురుకు, నోరు అంతకంటే చురుకు. నన్ను "గురువుగారూ" అనేది. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకు చివరిదాకా తేలలేదు.

అప్పట్లో ఫోన్లు రెండు రకాలు. చవక ఫోన్లకు ఒకసారికి ఒక్క స్వరం మాత్రమే పలకటం వచ్చు. అదీ కుయ్ కుయ్‌మని. పాటను స్వరాలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ కీలు నొక్కి ఎక్కించాలి. ఖరీదైన ఫోన్లు మాత్రం రికార్డు చేసిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు మోగించేవి. మా దగ్గరికి రెండు రకాలవాళ్లూ వచ్చేవారు. కొల్లేరు వైపు నుంచి ఒక చేపల వ్యాపారి వచ్చి, దోనె తోసేటప్పుడు తాను పాడుకునే పాటను పాడి, దాన్ని వీలైనంత గట్టిగా మోగేలా చెయ్యమన్నాడు.

"ఐసు కొట్టే మిషను పక్కన నిలబడితే మా ఆవిడ పిలిచినా వినపడదండీ. ఫోనేం వినపడుద్ది?" అన్నాడు.

"ఆవిడ పిలుపు వినపడకపోవటానికి మిషనే కారణమంటారా?" అంది మా కౌంటరావిడ, తల ఎత్తకుండా.

ఆయన నవ్వి, మర్నాడు మా ఇద్దరికీ ఒక బుట్ట రొయ్యలు పంపించాడు. పని ఇలా సరదాగానే సాగుతోంది. ఆ రోజుల్లోనే బ్యాండు మాస్టారు వచ్చారు.

భవానీపురంలో ఉండే సాయిబుగారు ఆయన. అరవై దగ్గర పడిన మనిషి, క్లారినెట్టు వాయిస్తారు. పద్నాలుగు మంది ఉన్న బ్యాండు ఆయనది. తండ్రి కాలం నుంచి గుడివాడ, కైకలూరు వైపు ఊళ్లలో పెద్ద పెళ్లి ఏది జరిగినా ఆ బ్యాండే దిగాలి. వాళ్ల క్యాసెట్టు తొంభైల్లో నేనే రికార్డు చేశాను. ఆయన సొంతంగా కట్టిన ఎదురుకోలు పాట అందులో ఉంది. మగపెళ్లివారు వచ్చి విడిదిలో దిగాక, ఆడపెళ్లివారు పానకం బిందెలతో, పళ్లేలతో మేళం ముందు పెట్టుకుని ఎదురు వెళ్లి వాళ్లను ఆహ్వానించటమే ఎదురుకోలు. ఆ సమయానికని కట్టిన పాట అది. ఏ సినిమాలోదీ కాదు.

ఆయన నమస్కారం కూడా పెట్టకుండా తన ఫోను కౌంటరు మీద పెట్టి, "దీనికి రింగియ్యి బేటీ" అన్నారు.

ఆవిడ రింగిచ్చింది. ఖరీదు రకమే అయినా ఫోను కుయ్ కుయ్‌మని మోగింది. నేను లోపలి గదిలోంచి బయటికి వచ్చాను. అది మాస్టారి ఎదురుకోలు పాటే. కానీ ఒకచోట స్వరం తప్పు. ఆయన మెత్తగా జారి దిగే చోట ఎవరో మెట్లు దూకినట్టు దూకించారు.

"ఇది నాదండీ సారూ. పేరేమో 'పెళ్లి ట్యూన్ మూడు' అంట. మా మనవడు ఏదో కొట్లో ఎక్కించుకొచ్చాడు. నాకే వినిపిస్తున్నాడు, 'నానా, ఈ పాట ఎంత బావుందో చూడు' అని."

ఆవిడ గబగబా మా కంప్యూటరులో చూసింది. ఓనరు గారు ఎక్కడో కొనుక్కొచ్చిన టోన్ల సీడీలో కూడా 'పెళ్లి ట్యూన్ మూడు' ఉంది. అదే పాట, అదే తప్పు. ఎవరో మా క్యాసెట్టు విని, కీలు నొక్కి తయారుచేశారు. అది చేతులు మారి మారి జిల్లా అంతా తిరుగుతోంది.

"ఆ సంగతి అక్కడితో పోతే ఫరవాలేదండీ" అన్నారు మాస్టారు కుర్చీలో కూలబడి. "మొన్న ఒక పెళ్లిలో ఎదురుకోలు. పెళ్లికొడుకు వాళ్లు విడిదిలోంచి బయటికొచ్చారు. వీళ్లు పానకం బిందెలు పట్టుకుని ఎదురెళ్లారు. నేను క్లారినెట్టు ఎత్తి పాట అందుకున్నా. మగాళ్లంతా ఏం చేశారో చెప్పనా? జేబులు తడుముకున్నారు!"

కౌంటరావిడ నవ్వు ఆపుకోవటానికి కేబుళ్లు సర్దటం మొదలుపెట్టింది.

"నవ్వు బేటీ, పర్లేదు. మా డ్రమ్ములోళ్లూ నవ్వారు. పిల్ల మేనమామైతే పానకం బిందె కింద పెట్టి మరీ వెతుక్కున్నాడు. పెళ్లికొడుకు దోస్తులు 'సాయిబుగారు ఫోను పాట కాపీ కొట్టాడ్రోయ్' అని ఈలలు. నా పాట! నేను కట్టింది! నేను కాపీ కొట్టానంట!"

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. గుడివాడ దాటాక కాలవ గట్టు మీద ఒక ఊళ్లో రైసుమిల్లు ఆసామి ఒకాయన ఉన్నారు. ఆ ఇంట్లో ఏ పెళ్లికైనా మాస్టారి తండ్రిగారు, ఆయన తర్వాత మాస్టారు వాయించారు. ఇప్పుడు ఆ ఆసామి పెద్దకూతురి పెళ్లి. జేబుల వ్యవహారం చెవిన పడి, ఆయన కబురు పెట్టారట: ఎదురుకోలులో ఆ ఫోను పాట వద్దు, ఏదైనా సినిమా పాట వాయించండి, కుదరదంటే ఏలూరు బ్యాండును మాట్లాడుకుంటాం.

"ఆ ఇల్లు పోతే ఆ కాలవ మీదున్న ఊళ్లన్నీ పోతాయండీ" అన్నారు మాస్టారు. "ఆ మిల్లు వాళ్లు ఎవర్ని పిలిస్తే మిగతావాళ్లూ వాళ్లనే పిలుస్తారు. పద్నాలుగు ఇళ్లు నా ఊపిరి మీద నడుస్తున్నాయి. అయినా సరే, ఆ ఇంట్లో నా పాటే వాయిస్తా. ముందు నా పాట నా క్లారినెట్టుతో ఫోనులోకి ఎక్కించండి. తప్పుడుది ఎట్టాగూ ఆపలేను. సరైంది జిల్లా అంతా మోగిస్తా. అప్పుడు తెలుస్తది ఎవరిదో."

ఆయన పట్టుదల నాకు నచ్చింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఒక్క పూటలో అయిపోయే పని అనుకున్నాను. బ్యాండు మొత్తాన్నీ పిలిపించాను. పెద్ద డ్రమ్ముకు ఒక మైకు, చిన్న డ్రమ్ములకు ఒకటి, బాకాలకు రెండు, క్లారినెట్టుకు ఒకటి. క్యాసెట్టుకు ఎలా పెట్టేవాణ్ణో అలాగే పెట్టాను. స్టూడియో స్పీకర్లలో వింటే గది అదిరిపోయింది. మా ఓనరు గారు కూడా తల ఊపారు. దాన్ని ఫోనులోకి ఎక్కించి మోగించాం.

డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగింది.

బొటనవేలి గోరంత స్పీకరులో పెద్ద డ్రమ్ము పలకదు కదా. అది మోగే ప్రయత్నంలో క్లారినెట్టును కూడా మింగేసింది. ఈ సంగతి తెలియటానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ ఎప్పుడూ పెద్ద స్పీకర్లకే రికార్డు చేసిన చేతులు కదా, వాటంతటవే అయిదు మైకులు పెట్టేశాయి.

"గురువుగారూ, పద్నాలుగు మంది కష్టపడి వాయించి ఒక మరమరాల పొట్లం తయారుచేశారు" అంది మా కౌంటరావిడ.

రెండోసారి క్లారినెట్టు ఒక్కటే పెట్టుకున్నాం. మాస్టారు తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. పాట వెంటనే మొదలుకాలేదు. ముందు ఒక స్వరం. అది కింద ఎక్కడో పుట్టి, మెల్లిగా పాకి పైకొచ్చి, అక్కడ నిలబడి, ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసి, మళ్లీ జారి కిందికి దిగింది. అప్పుడు గాని పాట రాలేదు. నేను హెడ్‌ఫోను తీసేసి అడిగాను.

"మాస్టారూ, ఇదేంటి? క్యాసెట్టులో లేదే!"

"మీరే తీసేయించారు కదండీ. రెండో వైపు చివర టేపు చాల్లేదని నేరుగా పాటలోకి దూకమన్నారు" అన్నారాయన. "దీన్ని మేం పిలుపు అంటాం. ఎదురుకోలులో రెండు పక్షాలూ దూరదూరంగా నిలబడి ఉంటాయి. ముందు పిలవాలి. రెండు వైపులవాళ్లూ ఆగి, ఒకళ్లనొకళ్లు చూసుకోవాలి. ఆ తర్వాత పాట, నడక. పిలవకుండా లోపలికి తోసుకుపోతామా?"

కాబట్టి పిలుపు ఉండాల్సిందేనన్నారు. సరే, దానితో కలిపే ఎక్కించాం. ఫోనులో క్లారినెట్టు నిజంగా క్లారినెట్టులాగే పలికింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. పరీక్ష చూద్దామని బయటికి వెళ్లి, వీధి చివర టెలిఫోన్ బూత్ నుంచి తన ఫోనుకే రింగు చేశారు. ఫోను మా కౌంటరు మీద ఉంది. పిలుపు పైకి పాకటం మొదలుపెట్టిందో లేదో, ఆగిపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. తిరిగొచ్చి, "ఏదీ, పాట వచ్చిందా?" అన్నారు.

"ఎక్కడొస్తది మాస్టారూ? మీరు రెండు రింగులకే పెట్టేశారు!" అంది ఆవిడ.

"అలవాటు బేటీ."

ఇది ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది. అప్పట్లో ఫోను ఎత్తితే డబ్బులు పడేవి. అందుకని సగం సంగతులు మిస్డ్ కాల్‌తోనే నడిచేవి. ఒక్క రింగిస్తే బయలుదేరామని, రెండు రింగులిస్తే చేరామని. మాస్టారి బ్యాండులో వాళ్లంతా మాట్లాడుకునేది అలాగే. మూడో రింగు దాకా మోగనిచ్చేవాణ్ణి డబ్బున్నవాడి కింద లెక్కేసేవారు. రెండు రింగుల్లో ఆ పిలుపు సగం కూడా పూర్తికాదు. పాట అసలు మొదలే కాదు.

"పిలుపు తీసేద్దాం మాస్టారూ" అన్నాను.

"తియ్యను."

"పోనీ సగం చేద్దాం."

"సగం పిలిస్తే ఎవరొస్తారండీ?"

అక్కడ ఆగిపోయాం. ఆయన రోజూ వచ్చేవారు, నేను రోజూ అదే మాట చెప్పేవాణ్ణి, ఆయన రోజూ అదే జవాబు చెప్పేవారు. ఈలోపు మా కౌంటరావిడ చవక ఫోన్ల కోసం స్వరాలు ఎక్కిస్తూ కూర్చుంది. తప్పుడు టోనులో మెట్లు దూకినట్టున్న చోట, రెండు స్వరాల మధ్య అతి చిన్న స్వరాలు వరసగా పేర్చి, జారినట్టు భ్రమ కలిగించింది. ఎన్నిసార్లు చెరిపి రాసిందో! ఓనరు గారు వచ్చి నిలబడి, "ఒక్క ట్యూనుకి ఇన్నాళ్లా? ఏదో ఒకటి తేల్చి 'పెళ్లి ట్యూన్ నాలుగు' అని పెట్టెయ్యండి" అన్నారు.

"దాని పేరు మాస్టారి పేరేనండీ. నంబరు కాదు" అన్నాను. ఓనరు గారికి నేను ఎదురు చెప్పిన సందర్భాలు చాలా తక్కువ. ఆయన "సరే, మీ ఇష్టం. బోర్డు మీద చోటు పట్టేలా చూడండి" అని వెళ్లిపోయారు.

చివరికి ముడి విప్పింది కౌంటరావిడే. ఆ రోజు మాస్టారు మళ్లీ పిలుపు గురించి వాదిస్తుంటే, ఆవిడ కీబోర్డు పక్కకు నెట్టి ఆయన వైపు తిరిగింది.

"మాస్టారూ, నేనొక మాట అడుగుతాను, కోప్పడకండి. మొన్న ఆ పెళ్లిలో అందరూ జేబులు తడుముకున్నారన్నారు. ఎప్పుడు? పిలుపు వాయించేటప్పుడా, పాట మొదలుపెట్టాకా?"

మాస్టారు చేతిలోని క్లారినెట్టు పెట్టె కౌంటరు మీద పెట్టారు.

"నాకు తెలిసి ఆ తప్పుడు టోనులో పిలుపు లేదు. పిలుపు వాయిస్తే ఎవరూ ఫోను అనుకోరు కదండీ?"

"పిలుపు వాయించలేదు బేటీ" అన్నారాయన. "చాలా ఏళ్లుగా పెళ్లిళ్లలో వాయించటం లేదు. వీడియోవాళ్లు తొందరపెడతారు. 'మాస్టారూ, డైరెక్టుగా పాటలోకి వచ్చెయ్యండి, లైట్లు వేడెక్కిపోతున్నాయి' అంటారు. పిలుపంటే ఊపిరి కూడా ఎక్కువ కావాలి. వాళ్లు వద్దంటుంటే మనకి మాత్రం ఎందుకని…"

"మరి పెళ్లిలో మీరే మానేసిన పిలుపు ఫోనులో ఎందుకండీ ఉండాలి? ఇంకో సంగతి. ఇప్పుడు మనం ఈ పాటని ఇంత బాగా ఎక్కించి జిల్లా అంతా పంచామనుకోండి. ఆ మిల్లు వాళ్ల పెళ్లిలో మీరు నేరుగా పాట అందుకుంటే, మొన్నటి కంటే ఎక్కువమంది జేబులు తడుముకుంటారు. అవునా, కాదా?"

ఆ ముక్క మా ఇద్దరికీ తట్టనే లేదు. మంచి రింగ్‌టోను చెయ్యాలన్న ధ్యాసలో, అది ఎంత మంచిదైతే ఆయన కొంప అంతగా ముంచుతుందన్న సంగతి మర్చిపోయాం. మాస్టారు క్లారినెట్టు పెట్టె మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. తర్వాత ఆయన అన్న మాట నేను డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"పిలుపు తీసెయ్యండి సారూ. ఫోనుకి పాట ఇద్దాం. పిలుపు పెళ్లికి ఉంచుకుంటా. అది ఏ ఫోనులోనూ ఉండకూడదు. మీ టేపులో కూడా ఉండకూడదు, చెరిపెయ్యండి."

చెరిపేశాను. ముప్పై ఏళ్లలో బాగా వచ్చిన రికార్డింగును చెరపటం అదే మొదటిసారి. చెయ్యి రాలేదు గాని, ఆయన పక్కనే నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత అక్కడే, మా కౌంటరు ముందే నిలబడి మిల్లు ఆసామికి ఫోను చేశారు. ఈసారి మిస్డ్ కాల్ కాదు. ఆసామి గొంతు పెద్దది, నాలుగడుగుల దూరంలో ఉన్న మాకు కూడా వినపడుతోంది.

"మాస్టారూ, మా వియ్యాలవారు హైదరాబాదు వాళ్లయ్యా. వాళ్ల ముందు మమ్మల్ని నవ్వులపాలు చెయ్యొద్దు. ఆ ఫోను పాట తప్ప ఏదైనా వాయించు."

"బాబుగారూ, నేను నా పాటే వాయిస్తా. పాట వాయిస్తుంటే ఒక్క చెయ్యి జేబులోకి పోయినా అక్కడికక్కడే ఆపేస్తా. మీరు చెప్పిన సినిమా పాట వాయిస్తా. ఆ తర్వాత మళ్లీ మీ గడప తొక్కను. ఏలూరు బ్యాండునే పెట్టుకోండి."

"ఒక్క చెయ్యేనా?" అన్నారు అవతలి నుంచి ఆసామి.

"ఒక్క చెయ్యే."

"సరే, రా" అన్నారు ఆసామి. ఫోను పెట్టేశాక మాస్టారి నుదుటి మీద చెమట పట్టి ఉంది. కౌంటరావిడ ఫ్యాను ఆయన వైపు తిప్పింది.

పెళ్లికి ముందు రోజుల్లో ఆయన తెల్లవారగానే భవానీపురం దగ్గర కృష్ణ ఒడ్డుకు వెళ్లి పిలుపు సాధన చేసేవారు. ఒక ఉదయం నేనూ వెళ్లాను. మానేసి చాలా ఏళ్లయింది కదా, పైకి వెళ్లాక స్వరం వణికి తెగిపోయేది. ఆయన దగ్గి, ఉమ్మి, నీళ్లు తాగి, మళ్లీ కింది నుంచి ఎత్తుకునేవారు. అక్కడ స్నానం చేస్తున్న ఒక పెద్దమనిషి, "ఏం సాయిబుగారూ, అవతలి ఒడ్డు వాళ్లని పిలుస్తున్నారా?" అన్నాడు. "వాళ్లు ఆగితే చాలండీ, రానక్కర్లేదు" అన్నారాయన. ఈలోగా మా కౌంటరు నుంచి పిలుపు లేని పాట ఫోను నుంచి ఫోనుకు పోతూనే ఉంది. ఆయన బ్యాండు వాళ్లందరికీ ఎక్కించాం. అడిగినవాళ్లకల్లా ఎక్కించాం. రెండు రింగుల్లోనే పాట గుర్తుపట్టేలా ఉందని జనం ఇష్టపడ్డారు. తనను ముంచగలిగిన దాన్ని ఆయన తన చేతులతోనే పంచుతున్నారు. అది మొండితనమో ధైర్యమో నాకు అప్పుడు అర్థం కాలేదు. వద్దనటానికి మాత్రం నోరు రాలేదు.

పెళ్లికి నన్నూ రమ్మన్నారు. "మైకు తేవద్దు" అన్నారు.

ఆ సాయంత్రం కాలవ గట్టు మీద విడిది ముందు లైట్లు వెలిగాయి. గాలి లేదు, విపరీతమైన ఉక్క. మగపెళ్లివారు ఒక పక్క, పానకం బిందెలు పట్టుకుని ఆడపెళ్లివారు ఇంకో పక్క. మధ్యలో ఎర్ర కోట్లు వేసుకున్న బ్యాండు. వీడియో కుర్రవాడు యథాప్రకారం, "మాస్టారూ, డైరెక్టుగా పాటలోకి వచ్చెయ్యండి" అన్నాడు. మాస్టారు అతని వైపు చూడనైనా లేదు. డ్రమ్ముల వాళ్లకు చేత్తో ఆగమని చెప్పి, క్లారినెట్టు ఎత్తారు.

పిలుపు కింద పుట్టింది. ఎవరో ఇంకా మాట్లాడుతున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. అది మెల్లిగా పైకి పాకేసరికి మాటలు ఒకటొకటిగా ఆగాయి. పైకి వెళ్లి నిలబడింది. వణుకుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. వణకలేదు. రెండు పక్షాల వాళ్లూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయి, నిజంగానే ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. పెళ్లికొడుకు తల్లి పళ్లెం పట్టుకున్న వియ్యపురాలిని చూసి నవ్వింది. వీడియో కుర్రవాడు లైటు సంగతి మర్చిపోయాడు. చేతిలో మైకు లేకుండా, మీటరు ముల్లు చూడకుండా నేను ఒక బ్యాండు వినటం అదే మొదటిసారి.

స్వరం జారి కిందికి దిగింది. పెద్ద డ్రమ్ము ఒక్కసారి మోగింది. పాట మొదలైంది.

నేను పాట వినలేదు, చేతులు చూస్తున్నాను. ఆడపెళ్లివారి వైపు కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని, "ఒరేయ్, ఇది ఈయనదే!" అనుకున్నారు. ఒకడి ఫోనులో ఈ పాటే ఉందని నాకు తెలుసు, మా కౌంటరులోనే ఎక్కించుకున్నాడు. అతని చేతులు చప్పట్లు కొడుతున్నాయి. ఎవరి చెయ్యీ కిందికి పోలేదు. పానకం బిందెలు కదిలాయి, జనం నడక మొదలుపెట్టారు.

అప్పుడు ఒక్క చెయ్యి జేబులోకి పోయింది. మిల్లు ఆసామిది.

మాస్టారు చూశారు. చిన్న డ్రమ్ము వాడూ చూశాడు, అతని పుల్ల ఒక దెబ్బ తప్పింది. మాస్టారు కళ్లు ఆ జేబు మీదే నిలిపి, పాట ఆపలేదు గాని, ఆపటానికి సిద్ధంగా ఒక స్వరాన్ని లాగి పట్టుకున్నారు. అది పాటలో లేని స్వరం. ఆసామి జేబులో ఏదో వెతికి, బయటికి తీశారు. చేతిరుమాలు. దానితో ముఖం తుడుచుకున్నారు. కన్నీళ్లని నేను చెప్పను, ఉక్క కూడా అలాగే ఉంది. తుడుచుకుని, రుమాలు మళ్లీ జేబులో పెట్టటం కూడా మర్చిపోయి, రెండు చేతులూ జోడించి వియ్యంకుడికి ఎదురెళ్లారు. మాస్టారు పట్టుకున్న స్వరాన్ని వదిలారు. పాట మళ్లీ నడిచింది.

భోజనాలయ్యాక ఆసామి బ్యాండు వాళ్లు కూర్చున్న చోటికి స్వయంగా వచ్చారు. పందెం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయన ఫోను తీసి నా వైపు చాచి, "ఎక్కించేది మీరేనటగా? ఆ పాట నాకూ కావాలండీ. అయితే ముందు ఊదాడు చూడండి, అది కూడా కలిపి ఎక్కించండి" అన్నారు.

టేపు చెరిపేసినా, మాస్టారు మళ్లీ వాయిస్తే ఎక్కించవచ్చు. అది పెద్ద పనేమీ కాదు. ఆ మాట చెబుదామని నోరు తెరవబోతుంటే మాస్టారు ముందే అందుకున్నారు.

"అది ఫోనులో పట్టదండి బాబుగారూ. అది కావాలంటే మీ రెండో అమ్మాయి పెళ్లికి నన్ను పిలవాలి."

"రెండోదా?" ఆసామి పెద్దగా నవ్వారు. "దానికింకా పదో తరగతి కాలేదయ్యా!"

"కానీండి బాబూ" అన్నారు మాస్టారు, క్లారినెట్టును గుడ్డతో తుడుస్తూ. "అందాకా ఊపిరి దాచి ఉంచుతాను."